మెంతుల డబ్బాలో మందు సీసా: గుంటూరులో నా గుండెపోటు అనుభవం

మార్చి నెలలో గుంటూరులో ఎవరికి ఛాతీ మండినా ఆ నింద మిర్చి మీదకే పోతుంది. నేను ఏటుకూరు రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. సీజన్‌లో లారీ వెనక లారీ వచ్చి మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగుతుంటే హమాలీల దగ్గర్నుంచి ఓనరు దాకా అందరం దగ్గుతూనే ఉంటాం. అందుకే 2025 మార్చి 7, శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు మెట్లెక్కుతుంటే ఛాతీ మధ్యలో ఏదో పట్టేసి, అది దవడ దాకా పాకినప్పుడు ఘాటెక్కింది అనుకున్నాను. రెండు నిమిషాలు గోడ పట్టుకుని నిలబడితే పోయింది. ఎక్కితే రావడం, నిలబడితే పోవడం. అదే అసలు గుర్తట. ఆ రోజు నాకేం తెలుసు!

శని, ఆది, సోమ కూడా అంతే. మందుల షాపులో గ్యాస్ అని చెబితే గులాబీ రంగు సిరప్ ఇచ్చారు, 110 రూపాయలు. పూటకి రెండు మూతలు తాగాను. తాగగానే తేనుపు వచ్చేది, హమ్మయ్య గ్యాసేలే అని ధైర్యం వచ్చేది. నాలుగు రోజులు ఆ తేనుపుని నమ్ముకుని బతికాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు 47 ఏళ్ళు. 2008లో మా ఆయన పోయినప్పుడు నాకూ హెచ్‌ఐవీ ఉందని తెలిసింది. అప్పటికి నా సీడీ4, అంటే ఒంట్లో రక్షణ కణాల లెక్క, 112కి పడిపోయింది. ఆ ఏడాదే మందులు మొదలుపెట్టారు. మొదట్లో ఇచ్చిన స్టావుడిన్ మాత్రతో బుగ్గలు లోపలికి పోయాయి, తర్వాత జిడోవుడిన్‌తో రక్తం తగ్గింది, ఆ తర్వాత రాత్రిపూట పిచ్చి కలలు తెప్పించే ఎఫావిరెంజ్ ఉన్న మాత్ర. 2021 నుంచి టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన మాత్ర. రాత్రి తొమ్మిదికి ఒకటే మాత్ర, కలల్లేవు, తల తిరగడం లేదు. నాలుగేళ్ళలో 58 కిలోల నుంచి 71కి వచ్చాను. ఒకప్పుడు పుల్లలా ఉన్నదాన్ని కదా, చూసినవాళ్ళు "ఒళ్ళు చేశావు, బాగున్నావు" అంటే సంతోషపడ్డాను కూడా. జనవరిలో చేసిన వైరల్ లోడ్‌లో వైరస్ కనపడలేదు. నా వరకు యుద్ధం అయిపోయింది.

కొలెస్ట్రాల్ సంగతి మాత్రం ఒప్పుకోవాలి. 2023లో ఒకసారి చేయిస్తే చెడ్డ కొలెస్ట్రాల్ 161 ఉంది. నూనె తగ్గించండి, మళ్ళీ చూద్దాం అన్నారు. నేను మళ్ళీ చూపించుకోలేదు. బీపీ మాత్ర మాత్రం వేసుకునేదాన్ని, అదీ గుర్తున్న రోజు.

మార్చి 11, మంగళవారం. రాత్రి ఎనిమిదిన్నరకి అన్నం వార్చుతున్నాను. ఈసారి నిలబడినా పోలేదు. దవడ, ఎడమ భుజం, వీపు మధ్యలో బరువు. జాకెట్టు తడిసిపోయేంత చెమట. వాంతి వచ్చేట్టుంది కానీ రాదు. సినిమాల్లో చూపించినట్టు గుండె పట్టుకుని పడిపోయే నొప్పి కాదు, చెప్పాలంటే ఏదో భయంకరమైన అజీర్తిలా ఉంది. ఇంకో అరగంట చూద్దామనుకున్నాను. పై వాటాలో ఉండే మా ఇంటి ఓనరు మామ్మగారు నీళ్ళ మోటారు కట్టేయమని చెప్పడానికి కిందకి వచ్చి నా మొహం చూసింది. ఆవిడ రాకపోతే ఆ అరగంట ఏమయ్యేదో.

మామ్మగారి అల్లుడు కారులో కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. చేరేసరికి 9:20. పది నిమిషాల్లో ఈసీజీ తీశారు, నాలుగు ఆస్పిరిన్ నమలమన్నారు, ఇంకో గుప్పెడు మాత్రలు మింగించారు. రక్తం తీసుకుని, గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ అనే పరీక్ష గంటలో వస్తుందన్నారు. ఇంతవరకు వాళ్ళని ఒక్క మాట అనడానికి లేదు.

"ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అని డ్యూటీ డాక్టరు అడిగాడు. పక్కన మామ్మగారు నా చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది.

"బీపీకి ఒకటి" అన్నాను.

పదిహేడేళ్ళ అలవాటు అది, నోరు దానంతటదే అబద్ధం చెప్పేసింది. గుండె ఆగేట్టున్నా ఆ జాగ్రత్త మాత్రం ఆగలేదు. ఇది చదివేవాళ్ళలో నాలాంటివాళ్ళుంటే ఈ చోటు గుర్తుపెట్టుకోండి. పక్కనున్న మనిషిని మంచినీళ్ళ కోసం పంపించి అయినా సరే, డాక్టరుకి చెప్పాల్సింది అప్పుడే. నేను చెప్పలేదు, దాని ఫలితం మర్నాడు చూశాను.

ట్రోపోనిన్ పాజిటివ్. గుండెపోటే, కానీ రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన రకం కాదు, ఒకటి రెండు రోజుల్లో యాంజియోగ్రామ్ చేసి చూడాలి అన్నారు. ఐసీయూలో పడుకోబెట్టారు. గడియారం తొమ్మిది దాటి చాలాసేపైంది. నా టీఎల్‌డీ సీసా ఇంట్లో ఉంది. వంటింట్లో, పోపు సామాన్ల అరలో వెనకాల, మెంతుల డబ్బాలో. మెంతులు నేను తప్ప ఎవరూ తియ్యరు కదా.

12వ తేదీ పొద్దున ఆరున్నరకి సిస్టర్ వచ్చి మళ్ళీ రక్తం తీసుకుంది. ఎందుకంటే "రొటీనే అమ్మా, యాంజియోకి ముందు అందరికీ చేస్తాం" అంది. ఏం పరీక్షో చెప్పలేదు, నేను అడగలేదు. నాకు తెలుసు. ఎనిమిదింటికి అదే అమ్మాయి రెండు జతల గ్లవ్స్ వేసుకుని వచ్చింది. తొమ్మిదికి మేనేజరులాంటి ఆయన వచ్చి, యాంజియో చేసే గది, క్యాథ్ ల్యాబ్‌లో మెషీన్‌కి ఏదో ఇబ్బంది వచ్చింది, వేరే చోటికి తీసుకెళ్ళండి అన్నాడు. పక్క బెడ్ ఆయన్ని పదింటికి అదే క్యాథ్ ల్యాబ్‌కి తోసుకెళ్ళారు. అంతటితో ఊరుకుని ఉంటే సర్దుకునేదాన్ని. బిల్లు దగ్గర, మామ్మగారూ అల్లుడూ వింటుండగానే, "పేషెంటుకి హెచ్‌ఐవీ ఉంది, మీరు ముందే చెప్పాలి కదా" అని గట్టిగా అన్నారట. ఒక రాత్రికి 18,400 కట్టించుకున్నారు.

తర్వాత మా ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) కౌన్సెలర్ చెబితే తెలిసింది. 2017లో హెచ్‌ఐవీ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం ప్రకారం మన ఒప్పుకోలు లేకుండా టెస్టు చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు, ఈ జబ్బుందని వైద్యం కాదనకూడదు. ఫిర్యాదు చేస్తే కోర్టు మన పేరు బయటికి రాకుండా కూడా చూడగలదు. అన్నయ్య ఫిర్యాదు పెడదామన్నాడు. నేను వద్దన్నాను. పిరికితనం అనండి, ఓపిక లేకపోవడం అనండి. ఆ ఆస్పత్రి ముందు నుంచి ఆటో వెళ్తే ఇప్పటికీ అటు వైపు చూడను.

ఆ పొద్దున నేను చేసిన ఒక మంచి పని, సిగ్గు విడిచి కౌన్సెలర్‌కి ఫోన్ చేయడం. మూడు రింగులకే ఎత్తింది. "టెన్షన్ పడకండి, పది నిమిషాలివ్వండి" అంది. పది నిమిషాలన్నది నలభై అయింది కానీ ఒక ఆస్పత్రి పేరు చెప్పింది, మనవాళ్ళకి ఇంతకుముందు చేశారు, వెళ్ళండి అని. అంబులెన్సుకి వెయ్యి. నాలుగు కిలోమీటర్లు కూడా లేదు.

రెండో ఆస్పత్రిలో ఈసారి అడగకముందే చెప్పేశాను. నా గ్రీన్ బుక్‌లో, అంటే ఏఆర్‌టీ సెంటర్ వాళ్ళిచ్చిన మందుల పుస్తకంలో, చివరి పేజీ ఫొటో ఫోన్‌లో ఉంది. చూసి ఆ కుర్ర డాక్టరు అన్న మొదటి మాట, "టీఎల్‌డీయా? మంచిది, మాకు పని సులువు." నాకు ఏడుపొచ్చింది. ఆ మాటలో జాలి లేదు, జంకు లేదు. తన పనికి కావలసిన ఒక వివరం దొరికినట్టు చెప్పాడు, అంతే.

ఎందుకు సులువో తర్వాత రౌండ్లలో వివరించాడు. కొందరికి సెకండ్ లైన్‌లో, అంటే మొదటి మందులు పనిచేయనప్పుడు మార్చి ఇచ్చేవాటిలో, రిటోనావిర్ కలిసిన మందులు ఉంటాయి. వాటితో గుండె మందులు కొన్ని పడవు. సిమ్వాస్టాటిన్ అసలు వాడకూడదు, రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే టికాగ్రెలార్ కూడా వద్దు. అటాజనావిర్ వాడేవాళ్ళకి అందరికీ అలవాటుగా రాసే పాంటోప్రజోల్ గ్యాస్ మాత్ర వేస్తే ఆ అటాజనావిర్ ఒంటికి సరిగా పట్టదు. నాకా తంటా లేదు. కానీ నాలుగు రోజులు తాగిన గులాబీ సిరప్ సంగతి విని తల పట్టుకున్నాడు. అందులో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం నా డోలుటెగ్రావిర్‌ని పట్టుకుని ఒంట్లోకి పోనివ్వవట. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతగానీ, ఆరు గంటల ముందుగానీ తాగాలట. నేను అన్నం తినగానే సిరప్ తాగి, ఆ చేత్తోనే మాత్ర మింగేదాన్ని.

ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద అప్రూవల్ కోసం, ఆస్పత్రిలో ఆ పని చూసే వైద్య మిత్ర దగ్గర కాగితాలిచ్చాం. బియ్యం కార్డు, ఆధార్ చాలవు, వేలిముద్ర పడాలి. కుడిచేతికి సెలైన్ సూది ఉంది, ఆ వేళ్ళు ఉబ్బి ముద్ర పడలేదు. నాలుగోసారి ఎడమచేతి మధ్యవేలుకి పడింది. రాత్రి ఏడున్నరకి అప్రూవల్ వచ్చింది. ఈలోగా చేసిన టెస్టులకి, ఎకోకి, అడ్వాన్సుకి కలిపి మా జేబులోంచి పోయింది 11,700.

ఇక మావాడి సంగతి.

మావాడు 2001లో పుట్టాడు. ఏడేళ్ళప్పుడు వాడికి టెస్టు చేయిస్తే నెగెటివ్. ఆ కాగితం లామినేషన్ చేయించి దాచుకున్నాను, పదో తరగతి మార్కుల లిస్టు కూడా అంత జాగ్రత్తగా లేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం. నాన్న జ్వరంతో పోయాడని, నేను రాత్రిళ్ళు వేసుకునేది థైరాయిడ్ మాత్ర అని వాడికి చెప్పుకొచ్చాం. పెళ్ళి కుదిరే ముందు చెబుదాం అనుకుంటూ వాయిదా వేశాను.

12వ తేదీ సాయంత్రం నాలుగింటికి బస్సు దిగి నేరుగా ఐసీయూకి వచ్చాడు. నాకు అప్పటికే ఒక రాత్రి మాత్ర తప్పింది. ఆస్పత్రి ఫార్మసీలో టీఎల్‌డీ లేదు, ఏఆర్‌టీ సెంటర్ మూసే వేళయింది. తొమ్మిదిలోపు ఆ సీసా రావాలి. అన్నయ్యని పంపిద్దామంటే తాళం పట్టుకుని అప్పటికే మావాడు స్నానానికి ఇంటికి వెళ్ళిపోయాడు. సిస్టర్ ఫోన్ ఇచ్చింది. ఎన్నేళ్ళుగానో ఎలా చెప్పాలా అని మనసులో రాసుకున్న మాటలేవీ రాలేదు.

"నాన్నా, పోపు అరలో వెనకాల మెంతుల డబ్బా ఉంటుంది. దాంట్లో తెల్ల సీసా ఉంది, పట్టుకురా."

"మెంతుల్లో సీసా ఏంటమ్మా?"

"పట్టుకురా, చెప్తాను."

చెప్పాల్సిన పని లేకపోయింది. సీసా మీద పేర్లు ఫోన్‌లో కొట్టి చూసుకున్నాడట. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మాట లేదు. మాత్ర ఇచ్చాడు, నీళ్ళు పట్టాడు. టైము 8:55. బయటికి వెళ్ళి అన్నయ్యతో గొడవపడ్డాడని తర్వాత వదిన చెప్పింది. "మావయ్యకి తెలుసు, అత్తయ్యకి తెలుసు, ఇప్పుడు ఓనరుకీ తెలిసింది, నాకొక్కడికే తెలియదా?" అన్నాడట. జబ్బు మీద కాదు వాడి కోపం. రెండు రోజులు నాతో అవసరమైన మాటలే మాట్లాడాడు. ఇడ్లీ తింటావా, దుప్పటి కావాలా. మూడో రోజు "నాన్నక్కూడా ఇదేనా?" అని ఒక్కటే ప్రశ్న. అవునన్నాను. తల ఊపాడు. ఇప్పటిదాకా ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

13వ తేదీ, గురువారం. పొద్దున ఆరు నుంచి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆ రోజు నాతో కలిపి ఎనిమిదిమంది, నన్ను ఆఖర్న పెట్టారు. వచ్చిన వరుస ప్రకారం నేను మూడోదాన్ని. ఎందుకని అడిగితే "క్లీనింగ్ ఉంటుందమ్మా" అన్నారు. మంచివాళ్ళ దగ్గర కూడా ఈ ఒక్కటి పోలేదు. అందరికీ ఒకటే జాగ్రత్త తీసుకుంటే వరుస మార్చే పనేముంది? సాయంత్రం 5:40కి లోపలికి తీసుకెళ్ళారు. గది చల్లగా, పెళ్ళి భోజనాల ఐస్‌బాక్సులా ఉంది. కుడి మణికట్టు దగ్గర మత్తు సూది, అక్కడినుంచే సన్నని గొట్టం. నొప్పి అంతగా లేదు, రంగు మందు ఎక్కించినప్పుడు మాత్రం ఛాతీ అంతా వేడి నీళ్ళు పోసినట్టయింది. మెలకువగానే ఉన్నాను. తెర మీద నా గుండె నాళాలు చింతచెట్టు కొమ్మల్లా కనపడ్డాయి, ముందువైపు పెద్ద కొమ్మ ఒకచోట దారంలా సన్నబడింది. 90 శాతం అన్నారు. ఒక స్టెంట్. ముప్పావుగంటలో అయిపోయింది.

నేను స్టెంటంటే లక్షలనుకున్నాను. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం వాటి ధరకి పరిమితి పెట్టింది కాబట్టి ఇప్పుడు మందు పూత ఉన్నది కూడా నలభై వేల లోపే ఉంటుందని మావాడు చూసి చెప్పాడు. నాకైతే అది పథకంలో పోయింది.

16న ఆదివారం డిశ్చార్జి. ఇంటికొచ్చాక మొదటి వారం బాగా ఏడ్చాను. నొప్పి లేదు, కారణం లేదు, కూర తరుగుతూ ఏడ్చేదాన్ని. గుండెపోటు తర్వాత చాలామందికి అలా ఉంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

24న సోమవారం ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్ళాను. నాకున్నది ఒకటే ప్రశ్న. మెడికల్ ఆఫీసర్ మేడమ్‌ని కాస్త కోపంగానే అడిగాను: "వైరస్ కనపడట్లేదని మీరే అన్నారు కదా మేడమ్, మరి గుండెకెందుకు వచ్చింది?"

ఆవిడ నా పాత కార్డు తెప్పించింది. 2008 దగ్గర్నుంచి తిప్పి చూపించింది. వైరస్ అణిగి ఉన్నా ఒంట్లో రక్షణ వ్యవస్థ పూర్తిగా చల్లబడదట, నివురుగప్పిన నిప్పులా ఏళ్ళ తరబడి రాజుకుంటూనే ఉంటుంది, ఆ వేడికి రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని కొవ్వు త్వరగా పేరుకుంటుంది. అందుకే హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి గుండె జబ్బు ముప్పు మిగతావాళ్ళ కంటే సుమారు రెండింతలు. నాకైతే సీడీ4 బాగా పడిపోయాక గానీ వైద్యం మొదలవలేదు, తొలి రోజుల పాత మందులు కొవ్వునీ చక్కెరనీ చెడగొట్టాయి, ఆపైన పెరిగిన బరువు, బీపీ, నేను వదిలేసిన ఆ 161. నెలసరి ఆగి రెండేళ్ళయింది, ఆడవాళ్ళకి అప్పటిదాకా ఉండే కాపు కూడా పోయింది. "ఒక్క కారణం వెతక్కండి, అన్నీ కలిశాయి" అంది.

నేను ఇంకోటి కూడా అడిగాను, ఈ మాత్రల వల్లే ఇలా అయితే కొన్నాళ్ళు ఆపి చూద్దామా అని. ఆవిడ కుర్చీలోంచి ముందుకి వంగింది. 2006లో స్మార్ట్ అనే పెద్ద అధ్యయనంలో మందులు మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళని చూశారట, వాళ్ళకే గుండె సమస్యలు కూడా ఎక్కువొచ్చాయి. వైరస్ లేస్తే ఆ నిప్పూ లేస్తుంది. అబాకావిర్ లాంటి కొన్ని మందుల మీద అనుమానం ఉంది, గుండె జబ్బున్నవాళ్ళకి వాటిని వాడకుండా చూస్తారు, నా టీఎల్‌డీలో అది లేదు అని చెప్పింది. ఆస్పత్రిలో తప్పిన మాత్ర ఒక్కటే కాబట్టి కంగారు పడొద్దంది.

అప్పుడే 2023లో వచ్చిన రిప్రీవ్ అనే పరిశోధన గురించి చెప్పింది. 12 దేశాలు, మన దేశం కూడా అందులో ఉంది, 40 నుంచి 75 ఏళ్ళ మధ్య 7,769 మంది హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు. గుండె జబ్బు ఇంకా రానివాళ్ళకే ముందుగా పిటావాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర రోజుకొకటి ఇచ్చి చూస్తే, పెద్ద గుండె ప్రమాదాలు 35 శాతం తగ్గాయి. ఎంత స్పష్టంగా తగ్గాయంటే ట్రయల్ గడువుకి ముందే ఆపేసి ఫలితం చెప్పేశారు. నేను లెక్కలు రాసేదాన్ని, వెంటనే లెక్కేసుకున్నాను. 2023లో నాకు 45 ఏళ్ళు, 161 కొలెస్ట్రాల్. ఆ మాత్ర అప్పుడే వేసుకుని ఉంటేనా అని ఆ రాత్రంతా అదే గోల. ఎవరినీ అనడానికి లేదు, మళ్ళీ టెస్టుకి రమ్మంటే వెళ్ళనిది నేనే.

తర్వాతి మూడు నెలల్లో అర్థమైన అసలు సంగతేంటంటే, నా గ్రీన్ బుక్కూ గుండె ఫైలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. గుండె డాక్టరు ఏఆర్‌టీ కార్డు చూడడు, ఏఆర్‌టీ సెంటర్‌లో యాంజియో సీడీ పెట్టి చూసే వీలు లేదు. మధ్యలో పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం నాదే.

ఉదాహరణకి షుగరు. ఆస్పత్రిలో మూడు నెలల సగటు 6.8 వచ్చింది, మెట్‌ఫార్మిన్ మొదలెట్టారు. మే నెలలో ఇంకో డాక్టరు దాన్ని పూటకి 1000 చొప్పున రెండు పూటలా చేశాడు. వారం తిరక్కుండా విరేచనాలు, నీరసం. మెట్‌ఫార్మిన్ పడలేదనుకుని మానేయబోయాను. ఏఆర్‌టీ సెంటర్‌లో చీటీ చూపిస్తే మేడమ్ వెంటనే గీత కొట్టింది. డోలుటెగ్రావిర్‌తో కలిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లో ఎక్కువగా నిలుస్తుంది, రోజు మొత్తానికి 1000 దాటకూడదు. తగ్గించాక కడుపు కుదురుకుంది. అలాగే క్రియాటినిన్ 1.3 వచ్చిందని ల్యాబ్ కాగితం మీద ఎర్ర గుండ్రం చుట్టి ఇస్తే కిడ్నీలు పోయాయని ఒక రాత్రంతా జాగారం చేశాను. డోలుటెగ్రావిర్ కిడ్నీని ఏం చేయకుండానే ఆ అంకెని కాస్త పెంచి చూపిస్తుందట. కానీ టెనోఫోవిర్ నిజంగానే కిడ్నీని ఇబ్బంది పెట్టగలదు కాబట్టి మూత్ర పరీక్ష కూడా చేయించారు. బాగానే ఉంది.

ఇంకో భయం కూడా చెబుతాను, దీనికి నా టీఎల్‌డీకి సంబంధం లేదు. ఏప్రిల్ 2 రాత్రి పదకొండున్నరకి ఊపిరి అందనట్టయింది. మళ్ళీ వచ్చేసిందని ఆటోలో పరుగు. ఈసీజీ మామూలే, ట్రోపోనిన్ మామూలే. నాకిచ్చిన టికాగ్రెలార్ మాత్ర కొందరికి అలా ఆయాసం తెప్పిస్తుందట. డిశ్చార్జి కాగితంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది కూడా. ఆ ఒక్క రాత్రికి 2,300. మానేయడానికి మాత్రం వీల్లేదు, స్టెంట్ వేశాక ఏడాదిపాటు అదీ, ఆస్పిరినూ, రెండు మాత్రలూ ఆపకూడదన్నారు. రెండు వారాలకి ఆయాసం దానంతటదే తగ్గింది.

మందులకి నెలకి 1,900 అవుతోంది. మార్చి నుంచి జూన్ ఆఖరు దాకా లెక్క చూసుకుంటే, ఆస్పత్రులు, టెస్టులు, తిరుగుళ్ళు అన్నీ కలిపి 45,000 దాటింది. పథకం లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోలేను. టీఎల్‌డీకి మాత్రం ఎప్పటిలాగే ఒక్క రూపాయి లేదు.

మే నెలలో మా వదిన ఆవకాయ పెట్టింది. నేను పక్కన కూర్చుని ముక్కలు తుడిచాను. గుంటూరులో పుట్టి ఆవకాయ వాసన చూసి లేచిపోవడం గుండెపోటు కంటే తక్కువ కష్టమేం కాదు. కారం కాదట శత్రువు, ఉప్పూ నూనే. వారానికి ఒక్క ముక్క అని మావాడితో బేరం కుదిరింది. పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియంలో నలభై నిమిషాలు నడుస్తున్నాను. మొదట్లో సగం చుట్టుకే బెంచీ వెతుక్కునేదాన్ని. జూన్ 23న చేసిన టెస్టులో చెడ్డ కొలెస్ట్రాల్ 68. బరువు 66. గుండె పంపింగ్ 55 శాతం.

సెంటర్ వరుసలో నాతోపాటు ఏళ్ళుగా నిలబడే ఒకావిడ ఉంది, సెకండ్ లైన్ మందుల మీద ఉంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులకి, గ్యాస్‌కి, కొలెస్ట్రాల్‌కి మూడు చోట్ల మూడు చీటీలు. అన్ని అట్టలూ సీసాలూ సంచీలో వేసుకుని రమ్మని నేనే పోరు పెట్టి మేడమ్ ముందు బల్ల మీద పోయించాను. ఆవిడకి నా మీద ఇంకా కోపంగానే ఉంది, వరుసలో అందరూ చూశారని.

మామ్మగారు మమ్మల్ని ఖాళీ చేయమనలేదు. పైకి కాఫీకి పిలవడం మాత్రం మానేసింది. జూన్ నుంచి అద్దె అయిదొందలు పెంచింది, అది ఏటా పెంచేదో, ఈ ఏడు పెంచిందో తేల్చుకోలేకపోతున్నాను. మోటారు కట్టేయమని చెప్పడానికి మాత్రం ఇప్పటికీ కిందకి దిగి వస్తుంది, గుమ్మం దగ్గర నిలబడి నా మొహంకేసి ఒకసారి చూసి వెళ్తుంది.

మావాడు ఒక కాగితం తయారుచేశాడు. ఎడమవైపు గుండె మందులు, కుడివైపు ఏఆర్‌టీ, కింద నా పేరు, ఇద్దరు డాక్టర్ల ఫోన్లు. మడిచి నా పర్సులో ఒకటి, వాడి దగ్గర ఒకటి. రాత్రి 8:55కి హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తాడు, "వేసుకున్నావా" అని. గుండె మాత్రలన్నీ ఫ్రిజ్ మీద ప్లాస్టిక్ డబ్బాలో, వచ్చినవాళ్ళందరికీ కనపడేట్టే ఉంటాయి. ఎవరైనా అడిగితే స్టెంట్ పడిందని నేనే చెబుతాను. టీఎల్‌డీ సీసాని కూడా అక్కడే పెట్టమని వాడు రెండుసార్లు అన్నాడు. ఒకసారి పెట్టి చూశాను కూడా. సాయంత్రం గ్యాస్ అబ్బాయి సిలిండర్ తెచ్చే వేళకి తీసి మళ్ళీ మెంతుల డబ్బాలో పెట్టేశాను.